బెండ మొక్కలకు ఎర్రదారం

పాసయ్యాను! ఫస్ట్ క్లాసు! బీయస్సీ అగ్రికల్చర్! మా ఇంట్లో, మా నాయనమ్మ వైపు, అమ్మమ్మ వైపు ఎంత వెనక్కి వెళ్లి చూసినా డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. ఫోనులో మార్కుల పేజీ మూడుసార్లు మూసి మూడుసార్లు తెరిచాను. ప్రతిసారీ నా నంబరే, నా పేరే.

ఇంత సంతోషం వచ్చిన వేళకు గదిలో మనిషి లేడు. మా నాన్న, బాపు, ఊరవతల కిమ్‌లో సాంచాల మీద పగటి షిఫ్టులో ఉన్నాడు. ఆ మర మగ్గాల చప్పుడులో జేబులో ఫోను మోగినా తెలియదు. మా అమ్మను అవ్వ అంటాం. అవ్వ రాళ్లు అంటించిన చీరల మూట ఎత్తుకుని వ్యాపారి దగ్గరికి పోయింది. ఆమెకు ఫోను చేస్తే నా వెనకాల బియ్యం డబ్బా మీదే మోగింది. మరిచిపోయి పోయింది మహాతల్లి.

అందుకని నోట్‌బుక్కు పట్టుకుని డాబా ఎక్కాను. నీళ్ల ట్యాంకు నీడలో కూర్చుని రాస్తున్నాను. ఈ డిగ్రీ కొంచెంలో తప్పిపోయేది, అదీ ఈ డాబా మీదే. బాపు టీ తాగే వేళయ్యేలోపు అదంతా రాసేస్తాను.

లాక్‌డౌన్ అనగానే హాస్టల్ ఖాళీ చేయమన్నారు. ఒక సంచి బట్టలతో, మా గైడు సార్ చేతిలో పెట్టిన రెండు బెండ విత్తనాల పొట్లాలతో బతుకుతెరువుకు మావాళ్లు వలస వచ్చిన గుజరాతీ పట్నంలో, సలాబత్‌పురా మగ్గాల వాడలో మా గదికి వచ్చి పడ్డాను. ఒక పొట్లంలో పల్లాకు తెగులు తొందరగా తగిలే పాత రకం. రెండోదాంట్లో కొంత తట్టుకునే రకం. తెల్లదోమ మోసుకొచ్చే ఆ వైరస్ తెగులును మందులు పెద్దగా కొట్టకుండా ఎంతవరకు ఆపొచ్చో చూడటమే నా ఆఖరి ఏడాది ప్రాజెక్టు. కాలేజీ పొలంలో చేయాల్సింది.

"పొలం లేకపోతే కుండీల్లో చెయ్యి. కానీ విత్తిన రోజు నుంచి ఆఖరి కోత దాకా పరిశీలన నోట్సు ఉండాలి. లేకపోతే ఈ ఏడాది మళ్లీ చదవాల్సిందే," అన్నారు సార్ ఫోనులో.

మళ్లీ చదవడమనేది మా ఇంట్లో లేదు. సాంచాలు ఆగిపోయి బాపు గోడకు ఆనుకుని కూర్చున్న రోజులవి. "ఈ ఒక్క ఏడు ఎట్లన్న గట్టెక్కిస్త బిడ్డ. ఇంకో ఏడంటే నాతోని గాదు," అని ముందే చెప్పాడు. తప్పితే అవ్వ పక్కన కూర్చుని చీరలకు రాళ్లు అంటించాలి. ఆ పని నాకు వచ్చు. ఎనిమిదో తరగతి నుంచి వచ్చు. బాగా వచ్చు కాబట్టే భయం.

మా గదికి ఒక్కటే కిటికీ. తెరిస్తే ఎదుటి బిల్డింగు గోడ, చెయ్యి చాపితే తగులుతుంది. వీధి చివర వెదురు బొంగులు అడ్డంగా కట్టి పోలీసులు కూర్చున్నారు. మా పక్క గదుల వాళ్లు కొందరు మూటలు నెత్తిన పెట్టుకుని ఊరికి నడక మొదలుపెట్టారు. బాపు పోనన్నాడు. నేను పుట్టినప్పటి నుంచి ఆయన్ని పగటిపూట ఇంట్లో అంతసేపు చూడలేదు. పన్నెండు గంటలు నిలబడే మనిషికి కూర్చోవడం చేతకాలేదు. గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు ఆరు అడుగులు వేసి, మళ్లీ ఆరు అడుగులు. అవ్వకు ఒళ్లు మండేది.

"ఏమయ్యా, నడిమిట్ల నేనొకదాన్ని ఉన్న. మగ్గంల కండె లెక్క అటిటు కొట్టకు."

"కాళ్లు గుంజుతున్నయే."

"గుంజితే గా బిడ్డకు మట్టి మోసుకురా పో."

అలా మొదలైంది. డాబా తాళం కింది ఇంటి గుజరాతీ పెద్దావిడ దగ్గర ఉండేది. అందరం ఆమెను మాసీ, అంటే పిన్ని, అంటాం. జనం గుంపుగా చేరుతున్నారని ఆమె తాళం వేసేసింది. వెళ్లి బతిమాలాను. కళ్లజోడు పైనుంచి నన్ను చూసి, "భీండా ఆవే తో పెహలా మనే ఆప్‌జే," అంది. బెండకాయలు కాస్తే మొదటి కోత తనకేనట. అంతే, తాళం చెవి నా చేతికి వచ్చింది.

అద్దకపు రంగు నింపి వచ్చే ప్లాస్టిక్ డ్రమ్ముల్ని బాపు సగానికి కోసి, కడిగి, అడుగున చిల్లులు పెట్టాడు. పక్క బిల్డింగు పునాదికి తవ్విన గుంత దగ్గర మట్టి ఉంది. దాన్ని సిమెంటు సంచుల్లో మూడు అంతస్తులు మోశాడు. పన్నెండు సగం డ్రమ్ములు. ఆరు నెట్టు గుడ్డ లోపల, ఆరు బయట. రెండు చోట్లా రెండు రకాలూ.

నెట్టు దగ్గరే బాపు మొదటిసారి మా సార్‌కు సార్ అయ్యాడు. తెల్లదోమ దూరకుండా ఉండాలంటే అంగుళానికి ఇన్ని కళ్లు ఉండాలని నేను పుస్తకం చూసి చదివాను. దుపట్టాలకు వాడే నెట్టు, తప్పులు పడి వెనక్కి వచ్చినవి, అవ్వ మూటలో నాలుగైదు రకాలున్నాయి. బాపు బట్టలో పోగులు లెక్కపెట్టే చిన్న భూతద్దం తీసి ఒక్కోదాని మీద పెట్టి కన్ను ఆనించాడు.

"గిది వదులు. గిది కుట్టుకాడ సాగుతది. గీ తెల్లది పెట్టు. దీంట్లకెల్లి నీ పురుగు గాదు గదా, దాని పిల్ల గూడ రాదు."

"పురుగును నువ్వు సూడనే లేదు గద బాపు?"

"సూపియ్యి మరి."

మాసీ మందార చెట్టు ఆకు తిరగేసి చూపించాను. అద్దం కింద అది గంధప్పొడి చల్లుకున్న చిన్న ఈగలా ఉంది. బాపు చాలాసేపు చూసి, "గింతంత దానికి గంత పెద్ద చదువా?" అన్నాడు.

బయట ఉన్న ఆరింటికి పసుపు రంగు జిగురు అట్టలు పెట్టాలి. ఆ రంగు చూసి తెల్లదోమ వచ్చి వాలి అంటుకుపోతుంది. దారపు కోనుల అట్టపెట్టెలకు అవ్వ పాత పసుపుచీర ముక్కలు చుట్టాం. జిగురుకు ఏం వాడాలో నేను చెప్పేలోపే బాపు సాంచాకు రాసే గ్రీజు దట్టంగా పూసేశాడు. పసుపు కాస్తా నల్లగా అయింది. నాలుగు రోజులు ఒక్క పురుగూ పడలేదు. "నా చీర గంగల కలిపిండు," అని అవ్వ. చివరికి మాసీ సగం సీసా ఆముదం ఇచ్చింది. మళ్లీ పసుపుగుడ్డ చుట్టి, ఆముదం పూసిన రెండో రోజే అట్టల మీద తెల్ల చుక్కలు.

మొక్కలు మోకాలి ఎత్తు పెరిగాయి. రోజూ ఉదయం ఎండ ఎక్కక ముందు ఎక్కి, ఆకులు లెక్కపెట్టి, అడుగున పురుగుల్ని లెక్కపెట్టి, నోట్సు రాసుకునేదాన్ని. ఆ గంటసేపే నాకు ఆకాశం ఉండేది. దిగి తలుపు తీస్తే మళ్లీ గది.

ఒక రోజు నాకంటే ముందే బాపు పైకి వెళ్లాడు. మెట్ల మీద నుంచే కేక.

"బిడ్డా, ఉర్కిరా! ఏం డిజైన్ వడ్డదే! జకార్డు మగ్గం మీద గూడ గింత సాఫ్ రాదు!"

బయట పెట్టిన పాత రకం మొక్కల్లో ఒకటి. లేత ఆకులో ఈనెలన్నీ పసుపు పట్టి, మధ్యలో పచ్చ గళ్లు మిగిలాయి. నిజంగానే ఆకుపచ్చ పట్టు మీద జరీ వల పరిచినట్టు ఉంది. బాపు ఆ ఆకును అరచేతిలో పట్టుకుని మురిసిపోతున్నాడు. అవ్వను కూడా పిలిచాడు. ఆమె వంగి చూసి, "గిసోంటి బార్డర్ చీరకు పడితె శేట్ ఇడుస్తడా," అంది.

"బాపు, అదే రోగం."

"రోగం గింత సక్కగ ఉంటదా?"

"ఇంక ఉండదు. ఆకులన్ని పసుపయితయ్, కాయలు గిడసబారి తెల్లగ పాలిపోతయ్. దీన్ని పీకెయ్యాలె. ఇప్పుడే. దోమ దీని రసం తాగి పోయి ఇంకోదాని మీద వాలితె దానికీ అంటుతది."

"మందు ఏస్తె?"

"మందు దోమకు. రోగమొచ్చిన చెట్టుకు మందు లేదు."

బాపు ఆకు వదిలాడు. "పోగు తెగితె ముడేసి నడిపిస్తం బిడ్డ. ఒక్క పోగుకు బట్ట తానంత చింపుతమా? రెండు పూతలున్నయ్ దానికి."

నేను పట్టుపట్టాను. రేపు పొద్దున పీకుతానని మాటిచ్చాడు. ఆ సాయంత్రానికే నాకు జ్వరం వచ్చింది.

రెండో రోజు పరీక్ష చేశారు. మున్సిపాలిటీ వాళ్లు వచ్చి బిల్డింగు గేటుకు కాగితం అంటించి, అడ్డంగా తాడు కట్టారు. లోపలి వాళ్లు బయటకు పోకూడదు. గదిలో అవ్వ ఒక మూలకు చీర అడ్డం కట్టి నన్ను దాని వెనక పడుకోబెట్టింది. నీలం రంగు చీర, పైన పెద్ద పెద్ద గులాబీలు. పద్నాలుగు రోజులు ఆ గులాబీలే లోకం. ఎడమవైపు నుంచి పదకొండోది అచ్చులో కొంచెం జరిగింది. కళ్లు మూసుకున్నా ఇప్పటికీ కనపడుతుంది. అవతల అవ్వ దగ్గితే నా వల్లేనేమో అనుకుని, ఇంకోసారి దగ్గుతుందా అని వినేదాన్ని.

బాపు మాత్రం మూతికి రుమాలు కట్టుకుని రోజూ డాబా ఎక్కేవాడు. మా బిల్డింగు డాబా, మా తాళమే కాబట్టి. దిగి వచ్చి చీర అవతల నిలబడేవాడు.

"ఎట్లున్నయ్ బాపు?"

"మంచిగున్నయ్."

"పీకినవా దాన్ని?"

"ముందు నువ్వు గంజి తాగు."

"పీకినవా?"

"అక్కడ లేదిప్పుడు," అనేవాడు. నేను నమ్మాను.

జ్వరం పోయాక ఇంకో వారం కాళ్లలో పట్టు లేదు. తర్వాత ఒక ఉదయం, మెట్టు మెట్టుకీ ఆగుతూ, డాబా ఎక్కాను. బయటి మొక్కలు పర్వాలేదు. పాత రకంలో ఇంకొక దానికి మాత్రం తగిలింది. ఆముదం అట్టలు దుమ్ము పట్టి నిండిపోయాయి. తర్వాత నెట్టు గుడారం పక్కకు తొలగించి లోపలికి తల పెట్టాను.

లోపల పసుపు. పాత రకం మూడు డ్రమ్ములూ పూర్తిగా పసుపు. తట్టుకునే రకంలో కూడా ఒకదానికి ఈనెలు తెలుస్తున్నాయి. చెయ్యి తగిలి ఆకు కదిలితే తెల్లదోమ పొగలా లేచి నెట్టుకు కొట్టుకుని, దారి దొరక్క మళ్లీ ఆకుల మీదే వాలింది. బయటి నుంచి ఏదీ రాకుండా అంత జాగ్రత్తగా ఏరిన గుడ్డ ఇప్పుడు లోపలివాటిని బయటకు పోనివ్వడం లేదు. ఒక పక్కన ఏడో డ్రమ్ము ఉంది. నేను పెట్టింది కాదు. దాంట్లో బయట ఉండాల్సిన ఆ మొదటి మొక్క, ఆకులన్నీ జరీ రంగులో.

బాపును కేకేశాను. బాపు పైకి వచ్చాడు. నేను అడగకుండానే చెప్పాడు.

"బయట ఎండకు కాగుతుంటె లోపల వెట్టిన. నీడకు మంచిగైతదనుకున్న."

"నా ఏడాది పోయింది బాపు. పీకుమన్న గద! ఒక్క చెట్టు పీకుమన్న!"

"నిన్ను పీకి పారేసిన్నా?"

ఆయన అరవలేదు. మెల్లగా అన్నాడు. "నీకు జ్వరమొస్తె గేటుకు తాడు కట్టిన్రు. కింద రూమోడు, గా పిల్లను బయటికి పంపున్రి, మాకంటుతదని ఒర్రిండు. మీ అవ్వ చీర కట్టి లోపల పండవెట్టింది. నేను డాబా ఎక్కి ఆ చెట్టును పీకుదునా? చెయ్యి రాలె."

"మనిషికి తగ్గుతది బాపు. దీనికి తగ్గది," అన్నాను.

"తగ్గదా?"

"తగ్గది."

బాపు తల ఊపి ఆ మొదటి మొక్కను మొదలు దగ్గర పట్టుకుని లాగాడు. మట్టి దులిపాడు. సంచిలో పెట్టి మూతి బిగించి కట్టాడు. తర్వాత రెండోది. అప్పుడు చూశాను, కాండం మొదట్లో ఎర్రదారం. రెండు ముడులు.

"ఇదేంది?"

"తప్పు వడ్డదానికి కడ్తం గద."

బట్ట తాను నేస్తుంటే తప్పు పడిన చోట అంచుకు ఎర్రదారం కడతారు. మడతలు పెట్టేవాళ్లకు ఎక్కడ తప్పుందో విప్పకుండానే తెలుస్తుంది. ఎన్నో తప్పో తెలియడానికి అన్ని ముడులు వేయడం బాపు సొంత పద్ధతి. ఆ మొదటి మొక్క నుంచి మొదలుపెట్టి, పసుపు కనపడ్డ వరసలో ఒక్కోదానికి కట్టుకుంటూ పోయాడు. ఎందుకు కట్టావంటే ఆయనకే తెలియదు. తప్పు కనిపిస్తే చెయ్యి దారం కట్టేస్తుంది, అంతే.

"ఆగు! ఇంక పీకకు! ఒక్క నిమిషం ఆగు బాపు!"

నోట్‌బుక్కు తెచ్చి గుడారం బొమ్మ గీశాను. ఒక ముడి ఇక్కడ. రెండు, దాని పక్కన. మూడు, దానికి ఇటు. నాలుగు, అటు మూల. రోగం ఏ డ్రమ్ము నుంచి ఏ డ్రమ్ముకు నడిచిందో దారాలే చెబుతున్నాయి. తట్టుకునే రకం రోగపు మొక్కకు పక్కనే ఉన్నా, దాని వంతు అన్నింటికంటే చివర, ఐదు ముడులతో వచ్చింది. తేదీలు లేవే అని ఏడుపు ముంచుకొచ్చింది. బాపు మళ్లీ గోడకు ఆనుకుని వేళ్లు మడిచాడు. "రెండోది, నువ్వు మొదటిసారి బువ్వ తిన్ననాడు. మూడోది, మాసీ గేటుకాడ పోలీసోల్లతోని లడాయి వెట్టుకున్ననాడు. నాలుగోది, మీ అవ్వ చీర అడ్డం తీసిననాడు." అన్నింటికీ తేదీలు దొరికాయి. జ్వరంలో రోజూ ఒంటి వేడి, తిన్నది, బయట విన్నది నేను రాసి పెట్టుకున్న కాగితాల మీదే ఉన్నాయి.

సార్‌కు ఫోను చేసి ఏదీ దాచకుండా చెప్పాను. గట్టిగానే తిట్టారు. నెట్టులోకి వచ్చిపోయేవాళ్ల మీద అదుపు లేని నెట్టు ఎందుకని అడిగారు. ముడుల సంగతి విని, "బొమ్మ పంపు," అన్నారు. బొమ్మ చూశాక, జరిగింది జరిగినట్టు రాయమన్నారు, మీ నాన్న తప్పుతో సహా. మిగిలిన విత్తనాలతో మళ్లీ మొదలుపెట్టి పూర్తి చేస్తేనే ప్రాజెక్టు ఒప్పుకుంటానన్నారు.

గుప్పెడు విత్తనాలు మిగిలాయి. ఈసారి ముందు డాబా గోడ పగుళ్లలో మొలిచిన కలుపు పీకేశాం. మాసీని ఒప్పించి పురుగు పట్టిన మందార కొమ్మలు కొట్టేయించాం. పక్క డాబా మీద ఎవరో వదిలేసి పోయిన పాత బెండ మొక్కలు పసుపెక్కి ఉన్నాయి. మొదటి రోగం అక్కడి నుంచే వచ్చి ఉంటుంది. బాపు గోడ దూకి వాటిని పీకి సంచిలో కట్టాడు. నెట్టు కడిగి ఎండబెట్టి, గుమ్మానికి రెండు పరదాలు కుట్టాడు. ఒకటి మూసుకున్నాకే రెండోది తెరవాలి. అవ్వ తెలియక రెండూ ఒకేసారి తెరిస్తే, "గేటుకు తాడు కట్టాల్నా?" అని అరిచేవాడు. రోజూ పొద్దున పోగుల అద్దంతో ఆకుల అడుగు చూసేవాడు. పచ్చ కాకుండా ఏ ఛాయ కనపడ్డా నన్ను పిలిచేవాడు. రెండుసార్లు పిలిచాడు. రెండుసార్లూ తనే పీకాడు. మిగిలినవి వానల్లో కాపుకొచ్చాయి. మొదటి కోత మాసీకి వెళ్లింది. మళ్లీ మసాలా పెట్టి వండి సగం మాకే పంపింది.

సాంచాలు తిరగడం మొదలయ్యాక మగ్గాల యజమాని శేట్ వాటిని కిమ్‌లో కొత్త షెడ్డుకు మార్చాడు. ఆ షెడ్డు వెనకే ఒక గుజరాతీ రైతు కాకా బెండ చేను. బాపు అన్నం డబ్బా తీసుకుని గట్టు మీద కూర్చుని, ఒకనాడు నాకు వీడియో కాల్ చేశాడు. తెరలో పసుపు ఈనెల ఆకు.

"ఇదేనా బిడ్డ?"

"ఇదే. ఎన్ని చెట్లున్నయ్ గట్ల?"

"గట్టు పొంటి ఓ పది. కాకా ఏమంటుండంటె, కాయలున్నయ్ గద, కోసినంక చూద్దామంటుండు." బాపు ఫోను అటు తిప్పాడు. తలపాగా చుట్టుకున్న మనిషి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. బాపు తనకొచ్చిన హిందీలో ఆయన మీద విరుచుకుపడ్డాడు. "కాకా, మై భీ ఐసాచ్ బోలా థా! మేరీ బేటీ కా సాల్ జాతా థా!" నేనూ ఇలాగే అన్నాను, నా కూతురి ఏడాది పోయేది, అని. ఆయన నవ్వి వంగి మొదటి మొక్క పీకాడు. ఆ చేను నా ప్రాజెక్టులో ఆఖరి పేజీలయింది. దోమకు అడ్డంగా చేను చుట్టూ జొన్న విత్తించడం, పసుపు అట్టలు, గట్టు కలుపు తీయడం, అన్నీ బాపు అన్నం వేళల్లోనే జరిగాయి.

ఆన్‌లైన్ వైవాలో ఎదుటివైపు కూర్చున్న మేడమ్ ఒకే ప్రశ్న తిప్పి తిప్పి అడిగారు. ఈ దారపు ముడుల పద్ధతి ఏ పుస్తకంలో చదివావని. మా బాపు దగ్గర అని చెప్పాను. ఆయన ఏ డిపార్ట్‌మెంటు అని అడిగారు. సాంచాలు నడుపుతారని చెప్పాను. వీడియోలో గది కనపడకుండా నా వెనక అదే గులాబీల చీర కట్టుకున్నాను. అప్పుడు దాని అవతలే బాపు నిలబడి ఉన్నాడు. నవ్వాపుకోలేక అవ్వ కొంగులో కిసుక్కుమనడం నాకు వినబడింది.

ఇంక రాయను. ఫోనులు చేయాల్సినవాళ్లు చాలామంది ఉన్నారు:

బాపు. నాలుగింటికి సాంచా ఆపి టీకి బయటకు వస్తాడు. ఇంకా పది నిమిషాలు.

కిమ్ కాకా. బాపు ఎత్తకపోతే ఈయనకే చేసి, షెడ్డు గుమ్మం దగ్గరికి పోయి కేకేయమనాలి.

అవ్వ. వ్యాపారి దుకాణం నంబరు గోడ మీద బొగ్గుతో రాసి ఉంది. ఎత్తిన మనిషి ఎవరైనా సరే, ముందు వాళ్లకే చెప్పేస్తాను.

మాసీ. అడాజన్‌లో కొడుకు ఫ్లాటుకు వెళ్లింది. పెద్దగా మాట్లాడాలి, చెవి సరిగ్గా వినబడదు.

గైడు సార్. ఆయన ముందే చూసి ఉంటారు. అయినా సరే.

ఊళ్లో నాయనమ్మ. డిగ్రీ అంటే ఏమిటని అడుగుతుంది. ఈసారి తీరిగ్గా చెప్పాలి.

గేటు నుంచి నన్ను బయటికి పంపమని అరిచిన కింద రూమాయన. ఆయనకూ చేస్తాను. ఆయన గుమ్మం ముందు కుండీలో టమాటాకు తెల్లదోమ వాలి ఆకులు ముడుచుకుంటున్నాయని నిన్నే బాపుతో చెప్పాడట.